కోడ్ భాండారము, నిరంతర సమ్మేళనము : ఒక ఉమ్మడి ఆస్తి నిర్వహణ

నేడు సాఫ్ట్‌వేరు లేని బ్యాంకు లేదు, ఆసుపత్రి లేదు, కార్యాలయము లేదు. ఆ సాఫ్ట్‌వేరును ఎట్లు వ్రాయవలెనో మన విద్యార్థులు తరగతిలో నేర్చుకొనుచున్నారు. కాని వ్రాసినదానిని ఎక్కడ భద్రపరతురు, పదిమంది వ్రాసినది ఒకదానితో ఒకటి పొసగుచున్నదో లేదో ఎవరు చూతురు, అట్లు చూచు యంత్రముల ఖర్చును ఎవరు భరింతురు అను ప్రశ్నలకు పాఠ్యగ్రంథములలో అంతగా చోటు లేదు. ఉద్యోగమున చేరిన మొదటి వారముననే ఎదురగునవి మాత్రము ఈ ప్రశ్నలే. అందుచేత ఈ వ్యాసమున వానిని పరిశీలింప దలచితిమి.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఒక్కటే. ఉమ్మడి భాండారము యంత్రబలము వలన నిలువదు. దానిని కనిపెట్టి యుండు కాపరుల వలన నిలుచును. ఈ మాటకు ఆధారముగా ఇటీవలి చరిత్రలోని కొన్ని యథార్థ సంఘటనలను ముందుంచి, తుదకు మన కళాశాలకు సంబంధించిన ఒక మనవి చేయుదుము.

భాండారము అనగా నేమి?

ప్రయోగశాలలోని ఏ కంప్యూటరును తెరచి చూచినను ‘ప్రాజెక్టు చివరిది’, ‘ప్రాజెక్టు అసలు చివరిది’, ‘ప్రాజెక్టు సార్ చూచినది’ అను పేర్లతో ఒకే ప్రోగ్రాము యొక్క పలు ప్రతులు కనిపించును. వీనిలో ఏది ముందు, ఏది వెనుక, ఏ మార్పును ఎవరు ఏ కారణమున చేసిరి అని అడిగినచో వ్రాసినవారే చెప్పలేరు. ఈ చిక్కు క్రొత్తది కాదు. దీనిని తీర్చుటకు 1972లో బెల్ ప్రయోగశాలలలో మార్క్ రాచ్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. అను సాధనమును నిర్మించెను. 1980 దశకపు ఆరంభమున పర్డ్యూ విశ్వవిద్యాలయమునందు వాల్టర్ టిషీ ఆర్.సి.ఎస్. అను దానిని రూపొందించెను. 1986లో డచ్ పండితుడు డిక్ గ్రూన్ సి.వి.ఎస్. అను దానికి పునాది వేసెను. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పనికై గిట్ అను సాధనమును వ్రాసెను. అంతవరకు ఆ బృందము వాడుచుండిన బిట్‌కీపర్ అను సాధనమును ఉచితముగా వాడుకొను అనుమతి ఉపసంహరింపబడుటయే గిట్ పుట్టుకకు కారణము. ఉచితముగా లభించినది ఎప్పుడైనను నిలిచిపోవచ్చునను పాఠము ఈ చరిత్రలో ఇట్లు ముందే ఉన్నది.

గిట్‌లో భద్రపరచిన ప్రతి మార్పును కమిట్ అందురు. ప్రతి కమిట్‌కు ఒక గుర్తుసంఖ్య ఉండును. ఆ సంఖ్యను కమిట్‌లోని విషయమునుండియు, దానికి ముందున్న కమిట్ యొక్క గుర్తునుండియు లెక్కింతురు. కావున పాత చరిత్రలో ఒక్క అక్షరము మార్చినను దాని తరువాతి గుర్తులన్నియు మారిపోవును. ఈ కమిట్ల సమస్తచరిత్రతో కూడిన కోశమునే రిపాజిటరీ అందురు. ఈ వ్యాసమున దానిని భాండారము అని పిలుతుము. భాండారమును తన కంప్యూటరులోనికి దించుకొనిన ప్రతివారి యొద్దను సాధారణముగా పూర్తి చరిత్ర ఉండును.

ప్రతివారి యొద్ద అంతయు ఉన్నపుడు మరల ఒక ఉమ్మడి సర్వర్ ఎందులకు అని విద్యార్థి అడుగవచ్చును. సమంజసమైన ప్రశ్నయే. పదిమంది యొద్ద పది ప్రతులున్నపుడు ప్రమాణమైన ప్రతి ఏదో నిర్ణయించుటకు ఒక చోటు కావలెను. ఎవరు చదువవచ్చును, ఎవరు వ్రాయవచ్చును అను హక్కుల నిర్ణయము జరుగుటకును, ఒకరి మార్పును మరొకరు పరిశీలించి ఆక్షేపణ తెలుపుటకును, లోపముల జాబితాను ఉంచుటకును అదే చోటు కావలెను. ఇట్టి సౌకర్యములను కలిగించుటకై 1999లో సోర్స్‌ఫోర్జ్, 2008లో గిట్‌హబ్ వెలసినవి. 2011లో ఆరంభమైన గిట్‌ల్యాబ్ వంటి సాఫ్ట్‌వేరును ఏ సంస్థయైనను తన స్వంత సర్వర్‌పై స్థాపించుకొనవచ్చును. అయితే గిట్ వలన కోడ్ పలుచోట్ల ఉన్నను, చర్చలు, ఆక్షేపణలు, లోపముల జాబితా, సభ్యుల హక్కులు మాత్రము సాధారణముగా ఆ ఒక్క సర్వర్‌లోనే ఉండును. ఈ భేదము ముందు ముందు అవసరమగును.

నిరంతర సమ్మేళనము

ఒక ఉదాహరణతో ఆరంభింతుము. ఇద్దరు విద్యార్థులు గ్రంథాలయ పట్టికకై ఒక ప్రోగ్రామును వ్రాయుచున్నారనుకొందము. పట్టికలో ఉర్దూ గ్రంథములు, తెలుగు గ్రంథములు రెండును ఉన్నవి. మొదటి విద్యార్థి గ్రంథనామమునకు 60 బైట్ల స్థలమును కేటాయించి, 25 అక్షరముల ఉర్దూ పేరుతో పరీక్షించి చూచెను. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు చాలును. కనుక 50 బైట్లలో పేరు ఇమిడినది, అతడు తృప్తిపడెను. రెండవ విద్యార్థి తెలుగు పేర్లను చేర్చెను. అదే పద్ధతిలో తెలుగునందు ప్రతి సంకేతమునకు 3 బైట్లు కావలెను. 25 సంకేతముల పేరునకు 75 బైట్లు కాగా, తుది అయిదు సంకేతములు తెగిపోయినవి. ఎవరి యంత్రముపై వారి పని సరిగానే ఉన్నది. తప్పు పుట్టినది రెండును కలిసిన చోట.

ఇట్టి తప్పులు సమర్పణకు ముందురోజు రాత్రి బయటపడినచో దిద్దుటకు వ్యవధి ఉండదు. పనిని చిన్న చిన్న భాగములుగా చేసి, ప్రతిదినము ప్రధానప్రతిలో కలుపుచు, కలిపిన ప్రతిసారియు పరీక్షలను యంత్రముచేతనే జరిపించినచో తప్పు పుట్టిన నిమిషములలోనే తెలియును. దీనినే కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్ అందురు. పొడి అక్షరములలో సి.ఐ. దీనిని తెలుగున నిరంతర సమ్మేళనము అనవచ్చును. 1990 దశకమున గ్రేడీ బూచ్ ఈ పదమును వాడెను. కెంట్ బెక్ ప్రచారము చేసిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో ఇది ఒక నియమమైనది. 2001లో క్రూజ్ కంట్రోల్, అటుపిమ్మట కొహ్సుకే కవగుచి వ్రాసిన హడ్సన్ ఈ పనికి సాధనములైనవి. 2011లో హడ్సన్ బృందము జెంకిన్స్ అను క్రొత్త పేరుతో వేరుపడినది.

దీని పని తీరు ఇట్టిది. భాండారములోనే ఒక చిన్న ఆదేశపత్రము ఉండును. ‘ముందు ప్రోగ్రామును నిర్మింపుము, పిదప ఈ పరీక్షలను జరుపుము’ అని అందులో వరుసగా వ్రాయుదురు. ఈ వరుసను పైప్‌లైన్ అందురు. పరీక్షలు జరుపు యంత్రమును రన్నర్ అందురు. సర్వర్ రన్నర్‌ను పిలువదు. రన్నరే కొన్ని క్షణములకొకమారు సర్వర్‌ను ‘పని యున్నదా?’ అని అడుగును. పని లభించినంతనే ఒక శుభ్రమైన పరిసరమును, అనగా కంటైనర్‌ను, సిద్ధపరచుకొని, అందులో కోడ్‌ను దించి, ఆజ్ఞలను నడిపి, ఫలితమును తిరిగి పంపును. ఆ తరువాత ఆ పరిసరమును చెరపివేయును. శుభ్రమైన పరిసరము ఏల అనగా, ‘మా యంత్రముపై నడచినది’ అను సాకునకు ఇక తావుండరాదు.

మన ఉదాహరణలో ఒక ఉర్దూ పేరు, ఒక తెలుగు పేరు, రెండు లిపులును కలిసిన ఒక పేరు పరీక్షలో చేర్చియున్నచో, మొదటి విద్యార్థి తన కమిట్‌ను పంపిన వెంటనే ఎఱ్ఱగుర్తు కనబడెడిది. రెండవవాని నష్టము మొదటివానికే ముందు తెలిసెడిది. ఇందు సాంకేతికముతో బాటు ఒక సత్సంప్రదాయము కూడ ఉన్నది. మన పని పొరుగువాని పనిని చెరుపకుండ చూచుకొను బాధ్యత మనపైననే ఉన్నదని ఈ పద్ధతి నేర్పుచున్నది.

ఉమ్మడి రన్నర్లు, వంతుల లెక్క

ప్రతి బృందమునకు వేరువేరు రన్నర్లు ఉన్నచో అవి చాలకాలము ఊరక పడియుండును. ఉమ్మడిగా ఉన్నచో ఖర్చు తగ్గును గాని వంతుల చిక్కు వచ్చును. చెరువు క్రింద పొలములున్న ఊరిలో నీటిని వంతులవారీగా వదలుటకు నీరటి ఉండెడివాడు. నీరటి లేని చెరువు క్రింద ఎగువ పొలమునకే నీరు. దిగువ పొలము ఎండును. ఉమ్మడి రన్నర్లకును ఇట్టి నియమము కావలెను. ఒక బృందము ఒకేమారు నడుపదగిన పనుల సంఖ్యకు పరిమితి, ఒక పనికి పట్టదగిన కాలమునకు పరిమితి, ఫలితఫైళ్ళు నిలువయుండు దినములకు పరిమితి, ఈ మూడును మొదటి దినముననే నిర్ణయింపవలెను. మూడవదానిని మరచిన సర్వర్లలో డిస్కు నిండిపోవుట సాధారణముగా జరుగు ప్రమాదము. డిస్కు నిండిన దినమున పరీక్షలే కాక భాండారములోనికి వ్రాయుట కూడ నిలిచిపోవును.

మరియొక జాడ్యము నిలకడలేని పరీక్ష. కోడ్ మారకయే అది ఒకమారు నెగ్గును, ఒకమారు ఓడును. ఇట్టి పరీక్షలు నాలుగున్నచో విద్యార్థులు ఎఱ్ఱగుర్తును చూచి ‘మరల నడుపుము, అదే పోవును’ అనుట అలవరచుకొందురు. అలవాటు పడిన పిమ్మట నిజమైన తప్పునకు వచ్చిన ఎఱ్ఱగుర్తును కూడ ఎవరును లెక్కచేయరు. కావున నిలకడలేని పరీక్షను వెంటనే దిద్దవలెను, లేదా పక్కకు తీసి, దిద్దు బాధ్యతను ఒకరి పేర వ్రాయవలెను.

ఒక ఉమ్మడి సంస్థ అనుభవము

ఇపుడు ఒక యథార్థ చరిత్రను చూతము. లినక్స్ కంప్యూటర్ల తెరపై బొమ్మలను, కిటికీలను, ధ్వనిని నడుపు సాఫ్ట్‌వేరులో అధికభాగము ఫ్రీడెస్క్‌టాప్ అను ఉమ్మడి వేదికపై తయారగుచున్నది. మెసా, వేలాండ్, పైప్‌వైర్, జీస్ట్రీమర్ మొదలగు ప్రాజెక్టుల భాండారములు అక్కడనే ఉన్నవి. ఈ వేదిక 2000లో హావక్ పెన్నింగ్టన్ ఆరంభించినది. 2018లో గిట్‌ల్యాబ్ పద్ధతికి మారినది. దానిని నడుపువారు కొలదిమంది. వారిలో పెక్కురు తమ తమ ఉద్యోగముల నడుమ తీరిక చేసికొని ఈ పని చేయుచున్నవారే.

గిట్‌ల్యాబ్‌తో బాటు సి.ఐ. సౌకర్యము వచ్చినది. ఉచితముగా లభించుటచే ప్రాజెక్టులన్నియు దానిని ఉత్సాహముతో వాడుకొనసాగినవి. మెసా బృందము తన చిత్రచాలక ప్రోగ్రాములను నిజమైన పరికరములపై పరీక్షించు ఏర్పాటు చేసికొనెను. పరీక్షలన్నియు నెగ్గినపుడే మార్పును ప్రధానప్రతిలో కలుపు పనిని మార్జ్ అను స్వయంచాలిత ప్రోగ్రామునకు అప్పగించెను. సాఫ్ట్‌వేరు నాణ్యత పెరిగినది. దానితో బాటు ఖర్చును పెరిగినది.

2020 ఫిబ్రవరిలో ఈ వేదికకు ఆర్థికముగా అండగానున్న ఎక్స్.ఆర్గ్ ఫౌండేషన్ ఒక హెచ్చరిక చేసెను. ఏడాదికి సుమారు 75,000 డాలర్ల వ్యయము కానున్నదనియు, దాతలు లభింపనిచో కొన్ని నెలలలో సి.ఐ. సేవను నిలుపవలసి వచ్చుననియు దాని సారాంశము. అద్దెకు తీసికొనిన క్లౌడ్ సర్వర్లనుండి పెద్ద పెద్ద కంటైనర్ ఫైళ్ళు, ఫలితఫైళ్ళు బయటనున్న రన్నర్లకు మాటిమాటికి ప్రవహించుటయే ఈ వ్యయమునకు ముఖ్యకారణము. డేటాను నిలువ చేయుటకన్న బయటకు పంపుటకు క్లౌడ్ సంస్థలు వసూలు చేయు రుసుము ఎక్కువ. ఒక చిన్న మార్పునకై ప్రతిమారు పెద్ద ఫైలును మరల మరల తెప్పించుకొనుచున్న విద్యార్థికి ఆ రుసుము కనబడదు. అది మరెవరి పద్దులోనో వ్రాయబడుచుండును.

ఆపత్తు గడచినది. అనవసరపు ప్రవాహమును అరికట్టిరి. యంత్రములను దానముగా ఇచ్చు సంస్థయు లభించినది. కాని 2025 జనవరిలో మరియొక వార్త వచ్చెను. యంత్రములను ఉచితముగా ఇచ్చుచుండిన ఈక్వినిక్స్ సంస్థ ఆ సేవను మూసివేయుచున్నందున ఏప్రిల్ చివరకు వాటిని వదలవలసి యున్నది. ఆల్పైన్ లినక్స్ వారికిని ఇదే స్థితి కలిగెను. ఫ్రీడెస్క్‌టాప్ కాపరులు ఈమారు దానమును వెదకుటకు బదులు, జర్మనీకి చెందిన హెట్జ్నర్ సంస్థ సర్వర్లను అద్దెకు తీసికొని, మార్చి మాసమున సేవను కొన్ని దినములు నిలిపి, సమస్తమును అక్కడికి తరలించిరి. దాత మనసు మారినపుడెల్ల ఇల్లు మారుటకన్న, చిన్న అద్దె చెల్లించి స్థిరముగా ఉండుట మేలని వారు గ్రహించిరని మేము భావించుచున్నాము.

ఇట్టి తరలింపులు అరుదు కావు. 2006లో ఆరంభమైన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడెను. గిటోరియస్ 2015లో ముగిసెను. 2011నుండి బహిరంగ ప్రాజెక్టులకు ధారాళముగా ఉచిత సి.ఐ.ని అందించిన ట్రావిస్ సంస్థ 2020 నవంబరులో ఆ ఔదార్యమునకు హద్దు విధించెను. మన దేశముననే 2014 డిసెంబరులో ప్రభుత్వపు ఆజ్ఞచే 32 వెబ్ చిరునామాలు నిలుపబడగా, వానిలో సోర్స్‌ఫోర్జ్‌యు, గిట్‌హబ్ వారి గిస్ట్ విభాగమును ఉండెను. కొన్నిటిపై ఆంక్ష త్వరలోనే తొలగినది గాని, ఆ దినములలో వానిపై ఆధారపడిన వారి పని కుంటుపడినది. పరుల ఇంట ఉంచిన వస్తువునకు మన ఇంట ఒక ప్రతి ఉండవలెనను సామాన్యసూత్రము ఇందువలన తెలియుచున్నది.

నకలు వేరు, రక్షణ ప్రతి వేరు

భాండారములకు కలుగు నష్టములలో ఘోరమైనవి దొంగలవలన గాక, మంచివారి పొరపాటున కలిగినవి. రెండు సంఘటనలు చెప్పుదుము.

కె.డి.ఇ. అను సంస్థకు 2013 మార్చినాటికి సుమారు 1,500 భాండారములు ఉండెను. వానికి లోకమున పలుచోట్ల నకలు సర్వర్లు కూడ ఉండెను. ఒక దినమున ప్రధాన సర్వర్‌ను నవీకరించి మరల తెరచినపుడు దాని ఫైలువ్యవస్థ చెడియున్నట్లు తెలిసినది. నకలు సర్వర్లు ప్రధాన సర్వర్ చెప్పినదానిని నమ్మి, తమ యొద్దనున్న మంచి ప్రతులను కూడ తొలగించుకొనసాగినవి. ఒక్క సర్వర్‌లో చెడని ప్రతులు మిగిలియుండుట వలన సర్వనాశనము తప్పినది. నకలు తన మూలమును అనుసరించును. మూలము చెడినచో నకలును చెడును. రక్షణ ప్రతి, అనగా బ్యాకప్, మూలము ఎట్లు మారినను తాను మారక నిలుచునది. ఈ రెంటిని ఒకటిగా భావించుట ప్రమాదకరము.

రెండవది గిట్‌ల్యాబ్ సంస్థ స్వంత వెబ్ సేవలో 2017 జనవరి 31న జరిగినది. రాత్రివేళ డేటాబేసు చిక్కును సరిచేయుచున్న ఒక ఇంజనీరు, ఖాళీ చేయవలసిన సర్వర్‌కు బదులు ప్రధాన సర్వర్‌లో తొలగింపు ఆజ్ఞను ఇచ్చెను. క్షణములలో తెలిసికొని ఆపినను, సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలినవి. బ్యాకప్‌లను వెదకగా ఒకటి వెంట ఒకటి విఫలమని తేలినది. దినదినము జరుగవలసిన ప్రతి, సాధనముల వెర్షన్ పొసగనందున జరుగుటయే లేదు. జరుగలేదని హెచ్చరించు ఈమెయిళ్ళు గమ్యము చేరుటయే లేదు. తుదకు ఆరు గంటలకు ముందు మరొక పనికై ఒకరు చేతితో తీసిన ప్రతియే రక్షించినది. ఆ ఆరుగంటల చర్చలు, వ్యాఖ్యలు, సుమారు 700 క్రొత్త సభ్యుల ఖాతాలు పోయినవి. భాండారములలోని కోడ్‌కు మాత్రము హాని కలుగలేదు. కోడ్ ఒకచోట, చర్చలు వేరొకచోట ఉండునని మొదట చెప్పిన భేదము ఇక్కడ స్పష్టమగుచున్నది.

ఈ సంఘటనలో మెచ్చదగినది కూడ ఉన్నది. సంస్థ జరిగినదానిని దాచలేదు. పునరుద్ధరణ పనిని లోకమెల్ల చూచుచుండగనే చేసెను. తప్పు ఒక్కరిపై వేయక, ఎవరును పరీక్షింపని బ్యాకప్ విధానమునందే అసలు లోపమున్నదని వివరముగా ప్రకటించెను. తిరిగి తీసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు. ఈ ఒక్క వాక్యమును విద్యార్థులు గుర్తుంచుకొనిన ఈ వ్యాసము సఫలమైనట్లే.

తాళపు చేతులు

రన్నర్ అనునది ఇతరులు వ్రాసిన ఆజ్ఞలను నడుపు యంత్రము. అపరిచితుడు పంపిన కోడ్‌ను కూడ నడిపినచో అది అతని పనియే చేయును. ఉచిత రన్నర్లపై రహస్యముగా క్రిప్టో నాణెములను గణించు దుర్వినియోగము ప్రబలినందున, 2021 మే నుండి గిట్‌ల్యాబ్ సంస్థ క్రొత్త ఉచిత సభ్యులు తన ఉమ్మడి రన్నర్లను వాడుటకు ముందు కార్డు ద్వారా గుర్తింపు కోరవలసి వచ్చెను. అదే సంవత్సరము కోడ్‌కవ్ అను సంస్థ అందించు ఒక చిన్న స్క్రిప్టును దుండగులు మార్చిరి. దానిని తమ పైప్‌లైన్లలో నడుపుచున్న బృందముల రహస్యపదములు జనవరి చివరనుండి ఏప్రిల్ వరకు బయటకు పోవుచుండెను.

కావున బయటివారి మార్పులను ఒక సభ్యుడు చూచి అనుమతించిన పిదపనే నడుపవలెను. పరీక్షలు జరుపు రన్నర్‌కును, తుది ప్రతిని విడుదల చేయు రన్నర్‌కును సంబంధము ఉండరాదు. రహస్యపదములను భాండారములో ఎన్నడును వ్రాయరాదు. ఒకమారు కమిట్ అయిన రహస్యపదమును తరువాత చెరపినను అది చరిత్రలో నిలిచియుండును. దానిని మార్చివేయుటయే మార్గము.

ఇక తాళపు చేతులు ఎవరి యొద్ద ఉండవలెను? వక్ఫు ఆస్తికి ముతవల్లీ ఉండును. అతడు యజమాని కాడు, నిర్వాహకుడు. ఆస్తిని అమ్ముకొను హక్కు అతనికి లేదు. లెక్క చెప్పవలసిన బాధ్యత ఉన్నది. ఉమ్మడి భాండారపు కాపరి స్థితియు ఇట్టిదే. ఒక్కరి యొద్దనే తాళపు చేతులున్నచో ఆయన సెలవుపై పోయిన దినమున సంస్థ పని నిలిచిపోవును. పదిమంది యొద్ద ఉన్నచో బాధ్యత ఎవరిదో తెలియదు. ఇద్దరు లేక ముగ్గురు కాపరులు, వారు చేసిన ప్రతి పనిని వ్రాయు ఒక దినచర్య పుస్తకము, ఏడాదికొకమారు లెక్కయు, బాధ్యతయు అప్పగించు విధానము ఉండుట శ్రేయస్కరము.

మన కళాశాలకు ఒక మనవి

పెద్ద సంస్థల మాట అటుంచి మన సంగతి చూతము. ఏటేట తుది సంవత్సరపు విద్యార్థులు ఎంతో శ్రమించి ప్రాజెక్టులు చేయుచున్నారు. వారు పట్టములు పొంది వెడలిన పిమ్మట ఆ పని ఒక పెన్‌డ్రైవ్‌లోనో, ఒక సి.డి.లోనో మిగిలి, రెండేండ్లలో ఎవరికిని చిక్కకుండ పోవుచున్నది. మరుసటి తరగతివారు అదే హాజరు పట్టిక ప్రోగ్రామును, అదే గ్రంథాలయ ప్రోగ్రామును మొదటినుండి వ్రాయుచున్నారు. అన్న వేసిన పునాదిపై తమ్ముడు గోడ కట్టుటకు వీలు లేకున్నది. ఉర్దూ, తెలుగు లిపులు రెంటితోను పనిచేయు ప్రోగ్రాములు అవసరమైన మన వంటి కళాశాలకు ఈ నష్టము మరింత ఎక్కువ. ఇట్టి పని మన కొరకు బయటివారు చేసిపెట్టుట అరుదు.

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. గిట్‌ల్యాబ్‌కు బలమైన యంత్రము కావలెను గాని, ఫోర్జెజో వంటి తేలికపాటి సాఫ్ట్‌వేరు సామాన్యమైన కంప్యూటరుపైననే నడచును. ఇది 2022 చివర గిటియా అను సాఫ్ట్‌వేరునుండి వేరుపడినది. బెర్లిన్ నగరపు కోడ్‌బర్గ్ అను లాభాపేక్షలేని సంఘము సభ్యుల చందాలతో, విరాళములతో తన వేదికను దీనిపైననే నడుపుచున్నది. మన తెలుగునాట స్వేచ్ఛ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమసంస్థ స్వంత గిట్‌ల్యాబ్ సర్వర్‌ను నడుపుచున్నది. కేంద్రప్రభుత్వము కూడ ప్రభుత్వ శాఖల కోడ్‌కై ఓపెన్‌ఫోర్జ్ అను భాండారమును ఏర్పరచినది. మార్గము తెలిసినదే, నడచుటయే మిగిలినది.

కళాశాల కమిటీవారికి మా ప్రతిపాదనలు ఇవి. ప్రయోగశాలలోని ఒక కంప్యూటరును భాండారమునకు, మరియొకదానిని రన్నర్‌కు కేటాయింపవలెను. రెంటిని ఒకే యంత్రముపై ఉంచరాదు. కరెంటు పోయినపుడు క్రమముగా మూతపడుటకు తగిన యు.పి.ఎస్. ఉండవలెను. బ్యాకప్‌కు రెండు వెలుపలి డిస్కులు కొని, వారము విడిచి వారము మార్చుచు, ఒకదానిని ఎల్లప్పుడును వేరొక భవనములో, గ్రంథాలయపు బీరువాలో ఉంచవలెను. ఒక అధ్యాపకుని, ఇద్దరు విద్యార్థులను కాపరులుగా నియమింపవలెను. ఆ ఇద్దరిలో ఒకరు రెండవ సంవత్సరపు విద్యార్థి అయినచో, పెద్దవాడు వెడలినను పని తెలిసినవాడు మిగులును. ప్రతి అర్ధసంవత్సరమున ఒక దినమును నిర్ణయించి, బ్యాకప్ డిస్కునుండి భాండారమంతటిని ఖాళీ యంత్రముపైకి తిరిగి తీసి, విద్యార్థులందరి ఎదుట పరీక్షింపవలెను. ఆ దినము విఫలమైనను నష్టము లేదు. ఆ దినము విఫలమగుటయే మేలు. తీరని నష్టమైన దినమున విఫలమగుటయే కీడు.

విద్యార్థులకు మా మాట ఇది. చిన్న కమిట్లు చేయుడు. ఏమి మార్చితిరో, ఏల మార్చితిరో రెండు పంక్తులలో వ్రాయుడు. అయిదేండ్ల తరువాత చదువబోవు తమ్ముడు మిమ్ములను అడుగుటకు మీరు ఇక్కడ ఉండరు. పైప్‌లైన్ ఎఱ్ఱబడినచో ఇంటికి పోవుటకు ముందు దిద్దుడు, లేదా మీ మార్పును వెనుకకు తీసికొనుడు. ఉమ్మడి యంత్రములో మీరు వృథా చేసిన గంట మీది కాదు, పొరుగువానిది.

చెరువు త్రవ్వించినవారి పేరు శాసనములో ఉండును. ఏటేట పూడిక తీసినవారి పేరు ఎక్కడను ఉండదు. అయినను చెరువు నిలిచినది వారి వలననే. కోడ్ భాండారమును స్థాపించుట ఒక వారము పని. దానిని పదేండ్లు నిలుపుట కాపరుల పని. అట్టి కాపరులు మన విద్యార్థులనుండియే వత్తురనియు, కమిటీవారు వారికి తగిన అండనిత్తురనియు ఆశించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.